మబ్బు దాచుకోని కేక

మీ పిల్లలు బడిలో తెర ముందు కూర్చుని పాఠం వింటున్నారే, ఆ మబ్బు టీచరుకు మాటలు నేర్పింది నేనే. నవ్వకండి. విశాఖపట్నంలో అద్దాల మేడ కట్టుకుని, చలిపెట్టే గదుల్లో కూర్చుని, ఇంజనీర్లు తలకిందులుగా తపస్సు చేసినా నోరు విప్పని యంత్రం అది. రేవువలస బడి వరండాలో నేనొక్క తుమ్ము తుమ్మేసరికి ఉలిక్కిపడి అ ఆ ఇ ఈ మొదలుపెట్టింది. అయిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి, ఆపాటి విద్య నా దగ్గర ఉండదా?

ఆ యంత్రం పెట్టుకున్న గొంతు మాత్రం నాది కాదు. మా కోడలు నూకరత్నానిది.

రత్నం రేవువలస ప్రాథమిక పాఠశాలలో టీచరు. మావాడు లారీ మీద నెలలో సగం దేశాలు పట్టి తిరుగుతాడు. కాబట్టి మధ్యాహ్నం కేరియరు మోసుకెళ్లడం, బడి వరండాలోకి మేకలు ఎక్కకుండా చూడడం, రెండూ నా ఉద్యోగాలే. జీతం లేదు గానీ కుర్చీ ఉండేది.

ఒక ఏడాది తుపాను వచ్చి బడి పైకప్పు రేకులు లేపుకుపోయింది. కోడలు ఏళ్ల తరబడి రాసుకున్న పాఠాలు, పిల్లలు వేసిన బొమ్మలు, అట్టతో చేసిన గడియారాలు బీరువాలోనే నాని గంజి అయిపోయాయి. వాటిని ఎండలో పరిచి ఒక్కో కాగితం విడదీయబోతే ముద్దగా చేతికొచ్చేది. రత్నం ఏడవలేదు. ముద్దలన్నీ గోతిలో పూడ్చిపెట్టి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుంది. అప్పటినుంచీ ఏది రాసినా, పిల్లలు ఏది గీసినా, ఫొటో తీసి పైకి పంపడమే.

"ఎక్కడికమ్మా పంపుతున్నావు?" అని అడిగాను.

"క్లౌడ్‌లోకి మావయ్యా. మబ్బనుకోండి. ఇక్కడ తడిసినా కాలినా అక్కడ ఉంటాది. అందులో పెట్టింది ఏదీ పోదు."

"మబ్బులో పెడితే తడవదా? ఏటి సదువమ్మా నీది! తుపాను దిగిందే అక్కణ్ణుంచి కదా!"

ఆమె నవ్వింది. నా మాటకు అంతకంటే వేరే పని లేదు.

నా వెటకారం ఎలా ఉన్నా, ఆ మబ్బుతో ఆమె చేసిన పనులు చిన్నవి కావు. ఇటుకబట్టీలకు వలసపోయిన పిల్లలు అక్కణ్ణుంచే లెక్కలు చేసి పంపితే, కూర కలుపుతూ దిద్దేది. జ్వరం వచ్చి బడి మానేసిన పిల్లకు పోయిన పాఠం ఫోనులో మళ్లీ దొరికేది. ఒకనాడు ఎక్కడో కరువు ప్రాంతపు బడితో తెర కలిపింది. మావాళ్లు బతికున్న పీతను చూపిస్తే అటువైపు పిల్లలు బెంచీలెక్కారు. వాళ్లు జొన్నకంకి చూపిస్తే మావాళ్లు "అదేటి, సీపురా?" అని అడిగి పరువు తీశారు.

ఇంతా చేసి, రత్నం అసలు విద్య ఫోనులో లేదు. బోర్డు మీద ఉంది.

రోజూ ఒక తప్పు రాసేది. కావాలనే. రాసి, పైకి చదివి, సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ పిల్లలవైపు తిరిగి నిలబడేది. ఇక మాట్లాడదు. ముందు గుసగుస పుట్టేది. తరువాత ఇద్దరు ముగ్గురు మోకాళ్ల మీద లేచేవారు. ఆపైన కప్పు ఎగిరే కేక: "తప్పు టీచర్!"

తప్పు పట్టుకున్న పిల్లే బోర్డు దగ్గరికి వెళ్లాలి. డస్టరు ముట్టకూడదు. అరచేత్తో తుడిచి, ఒప్పు తానే రాసి, గట్టిగా చదవాలి. ఆ ఒప్పు టీచరు నోటివెంట వచ్చేది కాదు. "నేను చెప్తే అది నాది మావయ్యా. ఆళ్లు చెప్తే ఆళ్లది," అనేది. సుద్ద అంటిన ఆ చేతిని పిల్లలు కడుక్కునేవారు కాదు. మధ్యాహ్నం ఎడంచేత్తో తిని నానా తిప్పలూ పడి, సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లి తల్లికి చూపించేవారు. ఆ తల్లులు అరచేతికి ముద్దుపెట్టి మూతులు తెల్లగా చేసుకునేవారు. అలా మూతికి సుద్దతో సంతకు వచ్చిన ఆడవాళ్లను చాలామందిని చూశాను.

ఈ సంగతి విద్యాశాఖ పెద్దాఫీసుకు తెలిసింది. అక్కణ్ణుంచి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలకు తెలిసింది. ఒక పొద్దున ఇమ్మానుయేలు అనే ఇంజనీరు కుర్రాడు జీపులో దిగాడు. మంచి పిల్లవాడు, చెప్పులు బయట విడిచి బడిలోకి వచ్చాడు. గోడలకు బటాణీ గింజంత కెమెరాలు అంటించాడు.

"సినిమా తీత్తావేటి బాబూ?" అన్నాను.

"సినిమా అయితే తీసిందే చూపిస్తుంది తాతగారూ. ఇది నేర్చుకుంటుంది. మేడం ఎక్కడ ఆగుతారు, ఎవరిని ఎలా గదమాయిస్తారు, అడిగినదానికి ఎలా బదులిస్తారు, అన్నీ. నేర్చుకున్నాక ఏ ఊళ్లో తెర మీదైనా మేడంలాగే పాఠం చెబుతుంది. పిల్లాడు ప్రశ్న వేస్తే మేడంలాగే బదులు చెబుతుంది. దీనికి ఛాయ అని పేరు పెట్టాం."

ఛాయ అన్న పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. పిల్లలకది మబ్బు టీచరు.

కెమెరాలు ఉండగానే, వానలు పట్టుకున్న రోజుల్లో, ఉప్పు పంచదార నీళ్ల పాఠం వచ్చింది. విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికి చేరేలోగా ఇంట్లో ఇచ్చే నీళ్లు. లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రత్నం తారుమారు చేసి రాసింది. ఆరు చెంచాల ఉప్పు, అర చెంచా పంచదార. పైకి చదివింది. తిరిగి నిలబడింది.

"ఓలమ్మో, టీచరు సంపెత్తాదిరా!" అని ముందు బెంచీలో ఒకడు గుండెలు బాదుకున్నాడు. "తప్పు టీచర్! అది సముద్రం టీచర్!" అంటూ బంగారి అనే పిల్ల దూకుడుగా వచ్చి అరచేత్తో బోర్డంతా అలికేసి, ఒప్పు రాసి, చదివింది. "ఆరు పంచదార! అర ఉప్పు!" అని బడంతా వంత పాడింది. వరండాలోంచి నేను కూడా గొంతు కలిపాను. మేక బెదిరి పారిపోయింది. ఇంత గట్టి పాఠం నా జన్మలో వినలేదు.

కొన్నాళ్లకు ఛాయ తయారైంది, చూసుకోమని పిలిచారు. విశాఖపట్నం వెళ్లాం. చల్లటి గదిలో గోడంత తెర. తెర మీద మా కోడలు. అదే ముక్కుపుడక, అదే కొంగు దోపుకోవడం. నా పక్కన నిలబడ్డ రత్నం తన చెయ్యి తానే గిల్లుకుంది.

"అడగండి తాతగారూ," అన్నాడు ఇమ్మానుయేలు.

"అమ్మా రత్నం, నిన్న పులుసులో ఉప్పెందుకు ఎక్కువైంది?" అన్నాను.

తెర మీది రత్నం నన్ను చూసి కళ్లు చికిలించింది. "ముందు మీరు చెప్పండి మావయ్యా. ఎంత వేస్తే ఎక్కువ, ఎంత వేస్తే తక్కువ?"

ఇంట్లో అచ్చం ఇలాగే అంటుంది. పులుసు తప్పు నా మీదికే తోస్తుంది.

ఉప్పు నీళ్ల పాఠం వెయ్యమన్నాను. వేశాడు. రత్నం గొంతు గాజులా ఉంది. మేక అరుపు లేదు, వాన చప్పుడు లేదు.

"నా తుమ్ములూ కేకలూ వినబడవేం బాబూ?"

"అవన్నీ నేపథ్య శబ్దం కింద తీసేశాం తాతగారూ."

అదీ సంగతి. యంత్రానికి మాటలు నేర్పానని మొదట్లో కోశానే, ఆ కోత ఇక్కడితో సరి. నన్నూ మేకనూ కలిపి ఒకే చీపురుతో ఊడ్చేశారు. నాకేమీ బాధ లేదు, మేక ఏమనుకుందో తెలియదు.

రత్నం మాత్రం తెర దగ్గరికి జరిగింది. "పిల్లల గొంతులేవండీ?"

"వాళ్ల గొంతులూ తీసేశాం, బొమ్మలూ తీసేశాం మేడమ్. అందుకే మీ గొంతు ఇంత శుభ్రంగా వచ్చింది."

"గోల లేకపోతే అది నా క్లాసెలా అవుతుందండీ?"

"ప్రతి బడిలోనూ పిల్లలు ఉంటారు కదా. వాళ్ల గోల వాళ్లు చేస్తారు. ఛాయ ఆగి వింటుంది. మీరెంత ఆగుతారో అంతా ఆగుతుంది."

ఆమె తల ఊపింది. నేనూ ఊపాను. ఆ జవాబులో వంక మా ఇద్దరికీ కనబడలేదు. పాఠాలు సరిచూసేవాళ్లు ఉండాలి కదా అని మీరు అడుగుతారు. ఉన్నారు. ఆ పని మబ్బులోనే ఇంకో యంత్రానికి అప్పగించారు. అది టీచరు బోర్డు మీద రాసినదానినీ తెర మీద పడినదానినీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేనని ముద్ర గుద్దింది.

మబ్బు టీచరు ఊరూరా దిగింది. రత్నానికి శాలువాలు కప్పారు. ఎండాకాలంలో కూడా కప్పారు. మనుషులు వెళ్లని చోట్లకు ముందుగా తెరలు వెళ్లాయి. తెర వచ్చిన చోట ఉన్న మనిషిని కూడా తీసేశారు. అలా తీసేసిన బళ్లలో ఒకటి దిగువ బొర్రమామిడి. ఏజెన్సీలో, మెట్ట దారిన ఎక్కవలసిన చిన్న ఊరు. బడిలో ఇక మిగిలింది పొద్దున తెర వేసి సాయంత్రం ఆర్పే ఆయా ఒక్కతే. పిల్లలు చేతులు కట్టుకుని కదలకుండా కూర్చోవాలని, సద్దు చేస్తే తెరకు సరిగా వినబడదని పైనుంచి వచ్చిన అధికారి చెప్పి వెళ్లాడట. ఆ పిల్లల ఇళ్లలో మాట్లాడుకునేది తెలుగు కాదు. చెప్పినది చెప్పినట్టు పాటించే పిల్లలు.

వానాకాలంలో ఆ ఊళ్లో వంతల సోనామతి అనే పిల్ల, నాలుగో తరగతి, ఇంట్లో చంటి తమ్ముణ్ణి పెట్టుకుని ఉంది. తల్లి సంతకు దిగింది. చంటివాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆ పిల్ల బెదిరిపోలేదు. నీళ్లు కాచింది, చల్లార్చింది, చెంచా కడిగింది, మబ్బు టీచరు రాసినట్టే కొలిచి కలిపింది. ఉగ్గుగిన్నెతో ఓపిగ్గా పట్టింది. వాడు కక్కితే మళ్లీ పట్టింది. తల్లి సంతనుంచి వచ్చి ఎత్తుకుని పరుగెత్తింది. ఆస్పత్రి దారిలోనే వాడు పోయాడు.

విచారణకు రత్నాన్ని పిలిచారు. తోడు నేను వెళ్లాను. పొడుగు బల్ల వెనక కమిటీవాళ్లు, ఒక మూల ఇమ్మానుయేలు. పాఠం వేశారు. గాజులాంటి ఆ గొంతు గదిలో మళ్లీ పలికింది. ఆరు చెంచాల ఉప్పు.

"ఈ గొంతు మీదేనా?" అన్నాడు మధ్యన కూర్చున్నాయన.

"నాదేనండి."

"బోర్డు మీద రాసింది?"

"నేనేనండి."

"తరువాత సరిదిద్దారా?"

"నేను దిద్దనండి. పిల్లలు దిద్దుతారు. ఆరోజు బంగారి దిద్దింది."

"ఎక్కడ? ఎవరి గొంతూ లేదే ఇందులో."

అందరూ ఇమ్మానుయేలు వైపు చూశారు. "తీసేశాం సర్," అన్నాడతను. "శబ్దం శుభ్రం చేసేటప్పుడు."

"అసలుది దాచే ఉంటారుగా?"

"లేదు సర్. అక్కర్లేనిది దాస్తే చోటు దండగని..."

ఏదీ పోదన్న మబ్బులో పోయింది అదొక్కటే. బంగారి కేక.

నేను లేచాను. "బాబూ, నేనున్నానండి ఆడ. బడి పిల్ల గుంటలందరూ కేకేసినారు. నేనూ ఏసినాను."

"మీరెవరు?"

"మావగారినండి."

"ఏం చదువుకున్నారు?"

"అయిదు. రెండుసార్లండి."

వాళ్లు నవ్వి, "కూర్చోండి పెద్దాయనా," అన్నారు. పుట్టిన దగ్గర్నుంచీ నేను కోసిన కోతలన్నిటికీ నమ్మేవాళ్లు దొరికారు. పంది మీద ఏరు దాటానంటే కూడా నమ్మారు. ఆ ఒక్క నిజానికి ఒక్కడూ దొరకలేదు.

బయట మెట్ల మీద ఇమ్మానుయేలు రత్నం వెనకే వచ్చాడు. చాలాసేపు చెప్పులు వేసుకోలేకపోయాడు. "మేడమ్, మీ క్లాసులో పిల్లలు నోరుమూసుకుని ఊరుకున్న రోజు ఒక్కటీ లేదు. అందుకని ఎవరూ మాట్లాడకపోతే ఏం చెయ్యాలో అది నేర్చుకోలేదు. ఆగింది. ఆగి, తరువాతి పాఠంలోకి వెళ్లిపోయింది."

రత్నం అతన్ని తిట్టలేదు. తిడితే అతనికి కాస్త హాయిగా ఉండేదేమో.

దిగువ బొర్రమామిడి వెళతానని పట్టుబట్టింది. బస్సు దిగి, జీపెక్కి, జీపు దిగి నడిచాం. సోనామతి ఇంటి ముందు తల్లి చింతపండు గింజ తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. పిల్ల లోపలినుంచి వచ్చి రత్నాన్ని చూసి టక్కున చేతులు కట్టుకుంది. ఆ పిల్ల దృష్టిలో ఆమె మబ్బులోంచి దిగి వచ్చిన టీచరే.

రత్నం మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, ఆ నీళ్లు నువ్వు రుచి చూశావా?"

"సూసాను టీచర్."

"ఎలా ఉన్నాయి?"

"ఉప్పు. కక్కేసాను."

"మరి తమ్ముడికెందుకు పట్టావు తల్లీ?"

"మందు కదా టీచర్. మందు అలాగే ఉంటాది అనుకున్నాను." మళ్లీ తనే అంది, "మీరు రాసి, మమ్మల్నే సూసారు. సానాసేపు సూసారు. మేం సరిగ్గా రాసుకున్నామో లేదో అని సూత్తన్నారనుకున్నాం. నేను మల్లీ మల్లీ సూసుకుని రాసాను."

రత్నం రెండు చేతులూ నేలకు ఆన్చింది. నేను అటు తిరిగి కొండను చూశాను. ఆ కొండ గురించి ఒక్క అబద్ధమైనా చెప్పాలనిపించలేదు.

పెద్దాఫీసువాళ్లు ఛాయను దిద్దారు. అందులోని తప్పులన్నీ ఏరి పారేశారు. ఇప్పుడది ఒక్క పొల్లు కూడా తప్పు రాయదు. దాన్ని చూసి కేక వేసే అవసరం ఏ పిల్లకూ రాదు. మీరు బడికి వెళ్లి చూడండి, ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో! మెచ్చుకుంటారు. రత్నానికి ఇంక్రిమెంటు ఆపి వదిలేశారు. ఆమె దిగువ బొర్రమామిడికి బదిలీ అడిగింది. ఎవరూ కోరని ఊరు కాబట్టి సంతోషంగా ఇచ్చేశారు.

"ఎందుకమ్మా? ఆ తల్లి ముఖం రోజూ ఎలా సూత్తావు?" అన్నాను.

"ఆ పిల్ల నన్ను ఒక్కసారి తప్పంటే చాలు మావయ్యా. ఆ మాట వినేదాకా అక్కణ్ణుంచి కదల్ను."

నేనూ కేరియరుతో సహా కొండెక్కాను. ఇక్కడ కూడా వరండా ఉంది, మేకలు ఉన్నాయి. తెర మూలన పెట్టి దుప్పటి కప్పారు. వెనక బెంచీలో సోనామతి. మేము వాళ్లింటికి వెళ్లిన రోజు మాట్లాడింది తప్ప ఆ తరువాత బడిలో నోరు విప్పలేదు. రత్నం కూడా మొదట్లో తప్పు రాయలేకపోయేది.

ఒక సోమవారం రాసింది. ఏడెనిమిదులు యాభై నాలుగు. పైకి చదివి, తిరిగి నిలబడింది. బడి చప్పుడు లేదు. వెనక బెంచీ కిర్రుమంది. సోనామతి లేచింది. బెంచీల మధ్యనుంచి తలొంచుకుని నడుచుకుంటూ వచ్చింది. "తప్పు," అంది, చెవి పెడితే గాని వినబడనంత మెల్లిగా. అరచేత్తో తుడిచి, యాభై ఆరు రాసి, మళ్లీ కాస్త గట్టిగా చదివింది. ఆ చెయ్యి కడుక్కోకుండా ఇంటికి వెళ్లింది. చింతపండు తీస్తున్న తల్లి ఆ తెల్లటి చేతిని చూసి, పట్టుకుని, తన చెంపకు ఆనించుకుని, ఎంతసేపటికీ వదల్లేదు.

బాగుంది కదా? సంతలో ఎవరికి చెప్పినా ఇక్కడికొచ్చేసరికి కళ్లు తుడుచుకుని నాకు టీ ఇప్పిస్తారు.

ఆ సోమవారం సంగతి నేను కల్పించింది. తుమ్ము సంగతి ముందే ఒప్పుకున్నాను, పంది సంగతి మీరెలాగూ నమ్మలేదు. మిగిలినదంతా జరిగినదే.

రత్నం రోజూ ఒక తప్పు రాస్తుంది. మనిషి ప్రాణానికి దగ్గరగా వెళ్లని చిన్న తప్పు. రాసి, తిరిగి నిలబడుతుంది. వరండాలో నేను మేకల్ని అదిలించడం ఆపి చూస్తాను. సోనామతి తలెత్తి చూసి, ఆ తప్పును పుస్తకంలోకి ఎక్కించుకుంటుంది, ముత్యాల్లాంటి అక్షరాలతో, గీత దాటకుండా. సరిగా ఎక్కిందో లేదో మళ్లీ చూసుకుంటుంది. చివరికి రత్నమే తన అరచేత్తో తుడుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెయ్యి చాపుతుంది. నేను చెంబుతో నీళ్లు పోస్తాను.